గోడ ఒక్కటే, టీవీలు నాలుగు

రాజమండ్రి నుంచి ఒకావిడ రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలుంది కాబట్టి సంగతి మాత్రం ఇక్కడ చెప్తాను.

వాళ్లది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఆవిడ, భర్త, పదో తరగతి చదివే కూతురు, అత్తమామలు ఉంటారు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. తొమ్మిదేళ్ల కిందట కొన్న 32 అంగుళాల టీవీ పోయిన నెల పాడైంది. సౌండ్ వస్తోంది కానీ బొమ్మ రావడం లేదు. ఎటూ పాతదే కదా, కొత్తది కొనేద్దామని అనుకున్న రోజు నుంచి ఇంట్లో మాటల్లేవట.

భర్తకు 65 అంగుళాల ఓఎల్ఈడీ టీవీ కావాలి. ధర లక్షన్నర దాటుతోంది. చేతిలో ఉన్నది 45 వేలు, మిగతాది నో కాస్ట్ ఈఎంఐ పెట్టేద్దామంటారు. ఫ్లాటు లోను ఇంకా నడుస్తోంది. డాలస్‌లో ఉన్న మరిదికి సంగతి తెలిసి, "మంచిది చూసుకోండి వదినా, డబ్బు నేను పంపిస్తా. లేదంటే సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇక్కడి నుంచే తెచ్చేస్తా" అన్నాడు. మామగారు సంబరపడ్డారు. భర్త మాత్రం "వాడి డబ్బుతో కొన్న టీవీ నా గోడకెక్కదు" అని కంచం ముందు నుంచి లేచిపోయారు.

మామగారు రిటైరయ్యారు. పొద్దున కాఫీ నుంచి రాత్రి మందులేసుకునే దాకా న్యూస్ ఛానెళ్లే. చెవి కాస్త మందం, అందుకని సౌండ్ గట్టిగా పెడతారు. అత్తగారికి కిందటేడు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కూరగాయలు తరుగుతూ సీరియళ్లు చూస్తారు. కూతురేమో "మార్చిలో నా పరీక్షలయ్యే దాకా ఏదీ కొనొద్దు" అంటోంది. హాలు వెడల్పు 11 అడుగులు, పొడవు 14. టీవీ గోడకూ సోఫాకూ మధ్య ఎనిమిది అడుగుల దూరం. పడమటి వైపు బాల్కనీ తలుపు.

"నలుగురూ వచ్చి నాకే చెప్తారు. షాపుకు వెళ్తే అక్కడి కుర్రాడు క్యూఎల్ఈడీ, ఫోర్‌కే, హెచ్‌డీఆర్ అంటూ బుర్ర తినేశాడు. ఏది కొంటే గొడవ ఉండదో చెప్పండి" అని ముగించారు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పక్కన కాగితం పెట్టుకుని ఓ లెక్క వేశాను. మీ ఇంట్లో ఎవరు వారానికి ఎన్ని గంటలు టీవీ ముందు ఉంటారన్న లెక్క. మామగారికి రోజుకు పది గంటలనుకున్నా వారానికి 70. అత్తగారికి రోజుకు మూడు చొప్పున 21. మీ వారు ఆదివారం ఒక సినిమా, మధ్యలో ఏదైనా మ్యాచ్ అనుకుంటే ఆరేడు గంటలు. పాపకు ఈ ఏడాది సున్నా. మీ పేరు కూడా రాసుకున్నాను కానీ దాని ఎదురుగా వేయడానికి అంకె దొరకలేదు. మీరు ఏం చూస్తారో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాను, మీరే నింపుకోండి.

ఈ లెక్క ఎందుకు వేశానంటే, మీ ఇంట్లో అందరూ టీవీ ఎవరు కొంటారు, ఎంత పెద్దది కొంటారు అని మాట్లాడుతున్నారు తప్ప ఎవరు చూస్తారన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. అన్నదమ్ముల పంతం సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ షాపు కుర్రాడు తిన్న బుర్రను కాస్త బాగుచేద్దాం. పాత టీవీ గురించి కూడా ఒక మాట ఉంది, దాన్ని చివర్లో చెప్తాను.

మీ వారి ఓఎల్ఈడీ నుంచి మొదలుపెడదాం. ఆయన ముచ్చటలో తప్పేమీ లేదు. ఆ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది. అందుకే రాత్రి లైట్లు తీసేసి సినిమా చూస్తే చీకటి సీను నిజంగా చీకటిగా ఉంటుంది, బూడిద రంగులో ఉండదు. పక్క నుంచి చూసినా రంగు చెడదు. ఇవన్నీ నిజమే. కానీ అలా వెలిగే పదార్థం వాడేకొద్దీ అరుగుతుంది. ఒకేచోట ఒకే బొమ్మ రోజూ గంటల తరబడి నిలబడితే అక్కడ అరుగుదల ఎక్కువై, తర్వాత ఏం పెట్టినా ఆ బొమ్మ నీడలా కనబడుతుంది. దీన్నే బర్న్ ఇన్ అంటారు.

ఇప్పుడు మామగారు చూసే న్యూస్ ఛానెల్ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పైన ఒక మూల లోగో. కింద ఎర్ర పట్టీ మీద బ్రేకింగ్ న్యూస్. దాని కింద ఇంకో పట్టీలో స్క్రోలింగ్. పక్కన నిలువుగా ఓ ప్రకటన. అక్షరాలు కదులుతాయేమో కానీ ఆ పట్టీలు పొద్దున ఎక్కడున్నాయో రాత్రి కూడా అక్కడే ఉంటాయి. రోజుకు పది గంటల చొప్పున ఏళ్ల తరబడి నడిచే తెర అది. ఇప్పటి ఓఎల్ఈడీ టీవీల్లో బొమ్మను కాస్త కాస్త జరపడం, లోగో ఉన్నచోట వెలుగు తగ్గించడం లాంటి జాగ్రత్తలు పెట్టారు. వాటివల్ల ముప్పు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చాలా వారంటీల్లో బర్న్ ఇన్‌కు చోటు ఉండదు, కార్డు మీద చిన్న అక్షరాలు చదవమని ఆయనకు చెప్పండి. మీ వారు ఒక్కరే ఉండే ఇల్లయితే నేనే కొనమనేవాణ్ని. మామగారుండే హాల్లో లక్షన్నర పెట్టి ఆ తెర తగిలించడమంటే పట్టుచీర కట్టుకుని పొయ్యి దగ్గర పని చేసినట్టు ఉంటుంది.

మిగతా పేర్లు వినడానికి పెద్దవి కానీ సంగతి చిన్నది. ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ మూడూ ఒక తల్లి పిల్లలే. ముందు ఎల్‌సీడీ తెర, వెనక ఎల్ఈడీ లైట్లు. క్యూఎల్ఈడీలో మధ్యన క్వాంటమ్ డాట్ అనే పొర ఒకటి ఉంటుంది, రంగులు ఇంకాస్త నిండుగా వస్తాయి. మినీ ఎల్ఈడీలో వెనక లైట్లు చాలా చిన్నవి, చాలా ఎక్కువ. వాటిని గుంపులు గుంపులుగా ఆర్పవచ్చు కాబట్టి నలుపు ఓఎల్ఈడీకి కాస్త దగ్గరగా వస్తుంది, వెలుగు మాత్రం బాగా ఉంటుంది. మీ బాల్కనీ తలుపు పడమటి వైపన్నారు. సాయంత్రం నాలుగింటికి ఎండ నేరుగా హాల్లోకి వచ్చే ఇంట్లో ఈ వెలుగు అవసరం. అంతకన్నా ముందు ఆ తలుపుకు మందం కర్టెన్ ఒకటి అవసరం. ఎంత ఖరీదైన టీవీ అయినా ఎండ తెర మీద పడితే అద్దమే, సీరియల్లో హీరోయిన్ బదులు మీ బాల్కనీలో ఆరేసిన బట్టలు కనబడతాయి.

అత్తగారి డైనింగ్ టేబుల్ సంగతి షాపులో ఎవరూ అడగరు. ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలు ఎక్కువ: వీఏ, ఐపీఎస్. వీఏ తెర ఎదురుగా కూర్చున్నవాళ్లకు చక్కటి నలుపు చూపిస్తుంది, పక్కకు జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌లో నలుపు అంత చిక్కగా ఉండదు కానీ పక్క నుంచి చూసినా ముఖాలు ముఖాల్లాగే ఉంటాయి. మీ వారు సోఫాలో ఎదురుగా కూర్చుంటారు, వారానికి ఆరు గంటలు. అత్తగారు పక్కన కూర్చుంటారు, వారానికి 21 గంటలు, అదీ ఆపరేషన్ అయిన కన్నుతో. డబ్బా మీద ఇది వీఏ, ఇది ఐపీఎస్ అని సాధారణంగా రాయరు. అందుకని షాపులో టీవీ ఎదురుగా నిలబడి, మెల్లగా పక్కకు నడుస్తూ మీ డైనింగ్ టేబుల్ ఎంత వాలుగా ఉంటుందో అంత వాలు దాకా వెళ్లండి. తెర మీద మనిషి ముఖం పాలిపోతే అత్తగారికి రోజూ కనబడేది ఆ పాలిపోయిన ముఖమే. వీలైతే ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి. "నాకేం తెలుస్తుందమ్మా" అంటారు, అయినా తీసుకెళ్లండి.

ఇక సైజు. ఎనిమిది అడుగులంటే సుమారు 2.4 మీటర్లు. మామూలు చూపున్న మనిషికి 43 అంగుళాల టీవీలో ఫుల్ హెచ్‌డీకీ, దానికి నాలుగు రెట్లు చుక్కలుండే ఫోర్‌కేకీ తేడా తెలియాలంటే దాదాపు ఐదున్నర అడుగుల లోపల కూర్చోవాలి. 55 అంగుళాల టీవీకి ఆ దూరం ఏడడుగులకు కాస్త పైన. అంటే మీ సోఫాలో కూర్చుంటే 43లో ఫోర్‌కే ఉన్నా కంటికి అందదు, 55లో అంచు మీద ఉంటుంది. సినిమా బాగా చూడాలంటే తెర కళ్లకు 30 డిగ్రీల మేర నిండాలని సినిమా ఇంజినీర్లు పెట్టుకున్న ఒక కొలత ఉంది. ఆ లెక్కన ఎనిమిది అడుగులకు 60 అంగుళాల దాకా పోవచ్చు. కాబట్టి మీ వారి 65 వినడానికి అతిగా ఉన్నా కొలతకు మరీ దూరమేం కాదు. ఈ మాట ఆయనకు చెప్పండి, కోపం కొంత తగ్గుతుంది. కానీ ఆ కొలత సినిమాది. రోజంతా నడిచే న్యూస్‌కు, శుక్లం తీసిన అత్తగారి కంటికి, అంత తెర వెలుగు రాత్రిపూట ఎక్కువే.

కాగితం మీద లెక్కలకన్నా నాకు పాత పేపర్ల మీద నమ్మకం. 43 అంగుళాల తెర వెడల్పు 95 సెంటీమీటర్లు, ఎత్తు 54. 50 అయితే 111, 62. 55 అయితే 122, 69. 65 అయితే 144, 81. పాత న్యూస్ పేపర్లు అతికించి ఈ కొలతలకు కత్తిరించి, గోడకు టేప్‌తో అంటించండి. రెండు రోజులు అలాగే ఉంచండి. దేవుడి గది తలుపు తెరుచుకుంటోందా, స్విచ్ బోర్డు మూసుకుపోతోందా, మామగారి కుర్చీలోంచి తల ఎత్తాల్సి వస్తోందా, అన్నీ తెలిసిపోతాయి. మనవాళ్లు షోకేసు పైన, దాదాపు ఫ్యాను దగ్గర బిగించేస్తారు. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం అక్కడికి కాస్త అటూ ఇటూగా ఉంటే మెడ నొప్పి రాదు. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఎక్కడ డ్రిల్ పెడతానంటే అక్కడ తలూపకండి.

ఇంకొక మాట, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మీ ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి వచ్చే వైరు చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న వైరైతే మీకు వస్తున్నది మామూలు ఎస్‌డీ బొమ్మ. అందులో ఎంత లేదన్నా 720 అడ్డం, 576 నిలువు చుక్కలే ఉంటాయి. ఫోర్‌కే తెరలో 3840 అడ్డం, 2160 నిలువు. లెక్క కడితే సరిగ్గా 20 రెట్లు. అంటే ఒక్కో చుక్కను 20 చుక్కలుగా సాగదీసి చూపించాలి టీవీ. లక్షన్నర పెట్టినా యాంకరమ్మ ముఖం నీళ్లలో తడిసిన ఫొటోలా ఉంటుంది. అప్పుడు మీ వారు కంపెనీని తిడతారు, మామగారు "పాతదే బాగుంది" అంటారు. ఈటీవీ, మా, జెమినీ, జీ తెలుగు, వీటన్నిటికీ హెచ్‌డీ ఛానెళ్లున్నాయి. హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీఎంఐ వైరు ముందు తెచ్చుకుంటే 40 వేల టీవీ కూడా తన విలువ చూపిస్తుంది. షాపులో కూడా వాళ్లు చూపించే చేపలు, జలపాతాలు చూడకండి. మామూలు సెట్‌టాప్ ఛానెల్ పెట్టమనండి. మొహం చిట్లిస్తారు. పెట్టమనండి.

ఆ చేపల వీడియో చూసి నేనూ మోసపోయినవాణ్నే. ఏళ్ల కిందట ఒక షాపులో రంగులు చూసి మురిసిపోయి తెచ్చుకుంటే, ఇంట్లో పెళ్లి వీడియో పెట్టగానే పెళ్లికూతురికి పసుపు నలుగు ఇంకా కడగనట్టు కనబడింది. నెలరోజుల తర్వాత మా మేనల్లుడు వచ్చి చూస్తే తెలిసింది, టీవీ ఇంకా షాపు మోడ్‌లోనే ఉంది! మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇల్లా, షాపా అని అడుగుతుంది, ఇల్లు అని నొక్కాలి. తర్వాత పిక్చర్ మోడ్‌లో వివిడ్ తీసేసి సినిమా అని గానీ ఫిల్మ్‌మేకర్ అని గానీ పెట్టుకోవాలి. మొదటి రెండు రోజులు మందకొడిగా ఉన్నట్టనిపిస్తుంది, తర్వాత కళ్లు అలవాటుపడతాయి. సినిమాలన్నీ సీరియల్లా జారిపోతున్నట్టు కనబడితే మోషన్ స్మూతింగ్ లాంటి పేరుతో ఒకటి ఆన్‌లో ఉంటుంది, దాన్ని ఆపేయండి.

హెచ్‌డీఆర్ అంటే వెలుగుకూ చీకటికీ తేడాను మామూలు కన్నా ఎక్కువగా చూపించే వీడియో రకం. దాని గురించి ఎక్కువ చెప్పను. తక్కువ ధర టీవీ మీద ఆ స్టిక్కర్ ఉంటే ఆ రకం వీడియోను తీసుకుంటుందని మాత్రమే అర్థం, చూపించేంత వెలుగు ఉందని కాదు. ఫోర్‌కే కన్నా ఇంకా ఎక్కువ చుక్కలుండే ఎయిట్‌కే ఊసే వద్దు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. అంటే మనుషుల దగ్గరికి.

ఈఎంఐలో 65 ఓఎల్ఈడీ తెస్తే ఏమవుతుంది? నో కాస్ట్ అన్న మాటలో ఖర్చు దాక్కునే ఉంటుంది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకు షాపు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తుంది. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి. మొత్తం డబ్బు ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు కొన్నిసార్లు రాదు. ఆ అంకె పెద్దదేం కాదు. పెద్దది ఏమిటంటే, ఏడాది పాటు నెలనెలా వాయిదా కట్టేటప్పుడల్లా ఆయన "నాన్నా, ఆ న్యూస్ ఆపండి, తెర పాడవుతుంది" అంటారు. తమ్ముడి దగ్గర మాట పడకూడదని కొన్న టీవీ తండ్రిని మాట అనడానికి పనికొస్తుంది. ఆయన అలా అనరని మీకు గట్టి నమ్మకముంటే నా మాట పక్కన పెట్టేయండి.

మరిది డబ్బుతో కొంటే? టీవీ వస్తుంది, ఈఎంఐ ఉండదు, మామగారి ముఖం వెలిగిపోతుంది. వచ్చినవాళ్లందరికీ "మా చిన్నోడు పంపాడు" అని చెప్తారు. అది పదిసార్లు వినేది మీ వారు. మీ మరిదిని తప్పు పట్టడం లేదు, దూరాన ఉన్న పిల్లాడికి అమ్మానాన్నలకు ఏదో చేయాలని ఉంటుంది. కానీ అమెరికా నుంచి టీవీ మోసుకు రావద్దని మాత్రం గట్టిగా చెప్పండి. అక్కడి వారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. కొన్ని మోడళ్లు అక్కడి 120 వోల్టుల కరెంటుకే చేసినవి. ప్రయాణికుల సామానులో ఫ్లాట్ టీవీకి ఇచ్చే సుంకం మినహాయింపును కూడా 2013లోనే తీసేశారు. పైగా దారిలో తెర పగిలితే ఆ ఏడుపు ఎవరూ ఓదార్చలేరు. మన దగ్గర 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా, అక్కడ చవక అన్న మాటకు ఇదివరకటి బలం లేదు.

నాకు తోచింది చెప్తాను, నచ్చితేనే తీసుకోండి. గోడ మీదికి ఎక్కే టీవీ మీ వారి 45 వేలలోనే కొనండి. 50 గానీ 55 గానీ, ఫోర్‌కే, ఎల్ఈడీయో క్యూఎల్ఈడీయో, పక్క నుంచి చూసినా రంగు నిలిచేది. ఆ డబ్బుకు మినీ ఎల్ఈడీ దొరికితే సంతోషం, లేకపోతే బెంగ లేదు. మరిది డబ్బు వద్దనకండి. ఆయన్ని వాళ్ల నాన్నకు ఒక మంచి వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కొనమనండి, హెచ్‌డీ కనెక్షన్‌కు ఏడాది డబ్బు కట్టమనండి. మామగారి చెవికి అది టీవీ కన్నా ఎక్కువ పనికొస్తుంది, పాప చదువుకునే చోటికి డిబేట్ల అరుపులు పోవు. గోడ అన్నది, చెవి తమ్ముడిది. ఇద్దరికీ చేసిన తృప్తి ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, కొనేముందే షాపులో చూసుకోండి. చాలా టీవీల్లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలపగానే టీవీ సొంత స్పీకర్ మూగబోతుంది. మామగారికి ఒక్కరికే వినబడుతుంది, అత్తగారికి మూకీ సీరియల్. రెండూ ఒకేసారి పలికే సదుపాయం ఉందా అని అడిగి, నోటిమాట నమ్మక, మీ ఫోను హెడ్‌సెట్ అక్కడే కలిపి చూడండి. లేకపోతే టీవీ సౌండ్‌ను బయటికి పంపే ఆప్టికల్ సాకెట్‌కు తగిలించే వేరే ట్రాన్స్‌మిటర్ ఉన్న హెడ్‌ఫోన్ తీసుకోవచ్చు, టీవీ స్పీకర్ ఆగకుండా పలికేటట్టు సెట్టింగు ఉందో లేదో మాత్రం ముందు చూడాలి.

ఈ దారిలో నష్టం కూడా ఉంది. మీ వారికి కావలసింది రాలేదు. ఆరేడేళ్లు ఆ గోడ వైపు చూసినప్పుడల్లా "అప్పుడే కొనుంటే" అని ఓ మాట రావచ్చు. అది తేలిగ్గా తీసిపారేయకండి. ఇంట్లో అందరి కోసం సర్దుకునే మనిషికి అందరూ కలిసి ఒకటి బాకీ పడతారు. ఎప్పుడో మీ ఫ్లాటు లోను తీరాక పడకగదిలో ఆయన కోసం ఒక చిన్న ఓఎల్ఈడీ కొందామన్న మాట ఇప్పుడే ఆయనతో అనండి. ఉత్తుత్తి మాటగా కాదు, ఒక నెల పేరు చెప్పి.

ఇంకొకటి. ఆయన మాట మరిదికి, మరిది మాట మామగారికి చేరవేసే పోస్టు పని మానేయండి. మరిది ఫోన్ చేసినప్పుడు "మీ అన్నయ్య పక్కనే ఉన్నారు, ఇస్తున్నా" అని ఫోను ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లండి. మొదటిసారి రెండు నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. మాట్లాడుకోనివ్వండి.

పాప చెప్పిన దారి కూడా ఉంది, మార్చి దాకా ఆగడం. ఆ అమ్మాయి మాటలో పెద్దవాళ్ల మాటల్లో లేని తూకం ఉంది. ఆగితే డబ్బు ఇంకొంచెం పోగవుతుంది, కోపాలు చల్లారతాయి. నష్టమల్లా మామగారికి. 70 గంటల మనిషికి ఒక్కసారిగా సున్నా గంటలంటే రోజు గడవదు, ఆ చికాకు ఇంటి మీదికే వస్తుంది. ఇప్పటికే ఫోనులో సౌండ్ పెంచి న్యూస్ వింటూ ఉంటారని నా అనుమానం. ఆగాలో వద్దో పాత టీవీ మీద ఆధారపడి ఉంది, దాని గురించే చివర్లో చెప్తానన్నాను.

కొనేటట్టయితే ఇవి కూడా. టీవీ ఇంటికొచ్చాక కంపెనీ మనిషి చేతే డబ్బా విప్పించండి, విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. తెల్ల తెర, నల్ల తెర పెట్టి గీతలు, మచ్చలు చూశాకే సంతకం పెట్టండి. తెర పగిలితే వారంటీ రాదు, మార్చాలంటే దాదాపు టీవీ ఖరీదంత అవుతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కరెంటు సంగతి, 120 వాట్ల టీవీ పది గంటలు నడిస్తే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36. వెలుగు తగ్గించి పెట్టుకుంటే అదీ తగ్గుతుంది. వేసవిలో ఉరుములు మొదలవగానే ప్లగ్గుతో పాటు డిష్ వైరు, నెట్ వైరు కూడా పీకేయండి. పిడుగు పడితే ఆ వైర్లలోంచి కూడా కరెంటు పోటెత్తి టీవీలు పోతాయి.

ఇక పాతది. సౌండ్ వస్తోంది, బొమ్మ లేదన్నారు. ఈ రాత్రి భోజనాలయ్యాక హాల్లో లైట్లన్నీ తీసేయండి. ఆ టీవీ ఆన్ చేసి ఏదో ఒక ఛానెల్ పెట్టండి. ఫోను టార్చి వెలిగించి తెరకు దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకుని తొంగి చూడండి. వెలుగు పడ్డచోట మసకగా మనుషులు కదులుతున్నట్టు కనబడితే తెర బాగానే ఉంది, వెనక లైట్ల పట్టీలు పోయి ఉంటాయి. 32 అంగుళాల టీవీకి ఆ పట్టీలు మార్చడం మామూలు రిపేరు, కొత్త టీవీ ధరలో చిన్న వంతుతో అయిపోతుంది. అప్పుడు మార్చి దాకా తొందర లేదు. తర్వాత కొత్తది హాల్లోకి వచ్చినా, ఇది అత్తమామల గదిలోకి వెళ్లొచ్చు, వాళ్లకు ఇష్టమైతేనే. మామగారిని గదిలోకి పంపేసినట్టు అనిపించకుండా, ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడగండి.

ఏమీ కనబడకపోతే బోర్డో తెరో పోయినట్టు. అప్పుడు రిపేరు మీద డబ్బు పెట్టే ముందు ఎంతవుతుందో రాయించుకోండి.

టార్చి పట్టుకునే పని పాపకు చెప్పండి. కనబడిందో లేదో నాకు రాయండి.